మూడేళ్లు ఊలు అల్లాక చెప్తున్న మాట

2022 జూన్ నుంచి అల్లుతున్నాను. ఇప్పటికి నాలుగు జతల సూదులు మార్చాను, మఫ్లర్లూ పసిపిల్లల టోపీలూ కలిపి అరవై దాకా చేసుంటాను, ఒక స్వెట్టర్ మాత్రం సగంలో వదిలేశాను. మనసు బాగాలేనప్పుడు ఇది నిజంగా పనికొస్తుందా అని మా బంధువుల్లోనే ముగ్గురు అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి వివరంగా రాస్తే మేలనిపించింది. పనికొస్తుంది. కాకపోతే దేనికి పనికొస్తుందో, దేనికి రాదో తెలుసుకుని మొదలుపెట్టండి.

మాది నెల్లూరు జిల్లా, విడవలూరు వైపు. వనామీ రొయ్యల గుంటలు. ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ల కోసం చెప్తున్నా: గుంట నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. అందుకని రాత్రి రెండు నుంచి పొద్దు పొడిచేదాకా ఎవరో ఒకరు గట్టు మీద మెలకువగా ఉండాలి, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే చక్రాలు) తిరుగుతున్నాయా, కరెంటు పోతే జనరేటర్ అందుకుందా, డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఎంతుంది అని చూసుకుంటూ. 2021లో తెల్లమచ్చ అనే రొయ్యల వైరస్ రోగం తగిలి మా రెండు గుంటలు నెలన్నరకే పోయాయి. నష్టం సరే, దాని వెనకాల వచ్చిన నిద్రలేమే నన్ను పడగొట్టింది. గుంటలు ఎండగట్టేశాక కూడా సరిగ్గా రెండున్నరకి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేది. కళ్లు తెరవగానే లెక్క మొదలు. మేత కొట్టుకి ఎంత, సీడుకి (రొయ్య పిల్లలకి) ఎంత, బ్యాంకుకి ఎంత, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది ఎంతైంది, అది తేలకముందే మళ్లీ మేత కొట్టు దగ్గర నుంచి. గుండె దడ, చేతులు చల్లబడటం, ఊపిరి అందనట్టు ఉండటం. గుండెపోటే అనుకుని ఒక ఆసుపత్రికి పరిగెత్తాం. ఈసీజీ బాగుంది, గ్యాస్ అని మాత్రలిచ్చి పంపారు. ఇట్లా మూడుసార్లు. నాలుగోసారి వేరే డాక్టర్ దగ్గరకి వెళ్తే ఆయన అరగంట కూర్చోబెట్టి అన్నీ అడిగి, ఇవి పానిక్ అటాక్స్, అడుగున డిప్రెషన్ కూడా ఉంది అన్నారు. మందులు రాసి, వీటి గుణం కనపడాలంటే రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, మధ్యలో ఆపొద్దు అని గట్టిగా చెప్పారు.

మరి ఆ నాలుగు వారాలు ఎట్లా గడపాలి? నా విషయంలో ఊలు వచ్చింది అక్కడే.

మా వదిన, అంటే పెద్దన్న భార్య, అన్న ఆర్మీలో ఉన్నప్పుడు కొన్నేళ్లు పఠాన్‌కోట్‌లో ఉండింది. చలికాలం పగలంతా ఆడవాళ్లు ఎండలో మంచాలేసుకుని అల్లుతుంటే చూసి నేర్చుకుంది. ఒకరోజు నేను వరండాలో కూర్చుని బొటనవేలి గోరు గిల్లుకుంటుంటే (రక్తం వచ్చేదాకా గిల్లేవాణ్ణి అప్పట్లో) ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లి రెండు సూదులు తెచ్చి చేతిలో పెట్టింది. "అబ్బయ్యా, ఇరవై ఉచ్చులు వేసిచ్చా. అటు చివరికి పోయి, మళ్లీ ఇటు చివరికి రా. ఏమీ ఆలోచించబాక" అంది. అంతే, ఇంక వేరే పాఠం లేదు.

అల్లికలో కుట్లు రెండు రకాలు, వదిన వాళ్లు వాటిని సీదా, ఉల్టా అంటారు; నాకు మొదట వచ్చింది సీదానే. సముద్రం పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి నాకు మాత్రం సూది మీద ఉన్న ఒక్కో ఉచ్చూ వల కన్నులాగే కనపడింది, ఇప్పటికీ కన్ను అనే అంటాను. కుడి సూది మొన కన్నులోకి దూర్చాలి, దారం చుట్టాలి, చుట్టిన దారాన్ని లోపలి నుంచి లాగాలి, పాత కన్నుని ఎడమ సూది మీద నుంచి జార్చాలి. ఒకటి. రెండు. మొదటి రాత్రి పైకే లెక్కపెట్టాను. పన్నెండు దగ్గర బ్యాంకు గుర్తొచ్చింది, వెంటనే చేతిలో లెక్క తప్పింది, మళ్లీ ఒకటి నుంచి పెట్టుకున్నాను. అప్పుడు తెలిసింది నాకు, నోట్లో రెండు లెక్కలు ఒకేసారి పట్టవని. నేను అప్పుల లెక్కని ఆపలేదు, ఆపడం నా వల్ల కాదు కూడా, దాని చోట్లో ఇంకో లెక్క కూర్చుంది అంతే. ఇరవై దాటితే వరస అయిపోతుంది, తిప్పి పట్టుకుంటే కొత్త వరస. ఏడాది తర్వాత నేను చూసిన మొదటి తేలే లెక్క అది. దడ వెంటనే తగ్గలేదు, మొదటి వారమంతా చెమట చేతులతోనే అల్లాను. కానీ రెండున్నరకి లేచాక పైకప్పు చూస్తూ పడుకోవడం, లేచి కూర్చుని పది వరసలు అల్లడం ఒకటి కాదు, ఆ తేడా మూడో రోజుకే తెలిసింది.

ఇక సామాన్ల సంగతి. సూదుల నంబర్లు చాలామందికి తికమక. మన దగ్గర దొరికేవాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం, 8 నంబరు నాలుగు మిల్లీమీటర్లు, 10 నంబరు మూడుంపావు. రొయ్యల కౌంట్ కూడా అంతే కదా, కిలోకి 30 తూగితే పెద్దవి, 100 తూగితే చిన్నవి. కొత్తవాళ్లు 8 నంబరుతో మొదలుపెట్టండి. అల్యూమినియం సూదులు చవక, కానీ రాత్రిపూట టిక్కు టిక్కుమని చప్పుడు, మా ఆవిడకి నిద్ర పట్టేది కాదు. ఏడాది తర్వాత వెదురువి తెప్పించుకున్నాను, చప్పుడు లేదు, కన్నులు ఊరికే జారిపోవు కూడా. నాలాగా రాత్రిళ్లు అల్లేవాళ్లకి వెదురువే మంచివి. ఊలు నెల్లూరులో చిన్న బజారు వైపు ఫ్యాన్సీ కొట్లలో అడిగితే ఇస్తారు, అడక్కపోతే బయట పెట్టరు, మన ఎండలకి కొనేవాళ్లు తక్కువ మరి. ముదురు నలుపు మాత్రం మొదట్లో వద్దు, ట్యూబ్‌లైట్ కింద కన్నులు కనపడవు, అది పెద్ద టెన్షన్.

అసలు ఇబ్బంది మన వాతావరణంతోనే. రోహిణి కార్తెలో అక్రిలిక్ ఊలు వేళ్లకి అంటుకుపోతుంది, చెమటకి సూది మీద కీచుమంటూ కదలదు. ఒళ్లో పెరిగే మఫ్లర్ దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. వేసవిలో నేను నూలు దారానికి మారతాను, చల్లగా ఉంటుంది, పసిపిల్లల టోపీలకీ అదే మేలు. కాకపోతే నూలుకి సాగే గుణం లేదు, మణికట్టు త్వరగా లాగుతుంది. రెండో ఏడాది నా కుడి బొటనవేలు తిమ్మిరెక్కి రెండు వారాలు సూదులు పక్కన పెట్టాల్సి వచ్చింది. అరగంటకోసారి ఆపి వేళ్లు విప్పి ముడవడం అలవాటు చేసుకోండి, నేను చేసుకోలేదు, అనుభవించాను.

డిజైన్ల జోలికి వెళ్లకండి, కనీసం మొదటి ఆరు నెలలు. రెండు వైపులా సీదానే అల్లితే చాలు, అంచు చుట్టుకోదు, ఎటు చూసినా ఒకే మాదిరి ఉంటుంది. నేను తొందరపడి స్వెట్టర్ మొదలుపెట్టాను, చంక దగ్గర కన్నులు తగ్గించే లెక్కలు వచ్చేసరికి పాత దడ మళ్లీ తిరిగొచ్చింది. అదే సగంలో వదిలేసిన స్వెట్టర్. మామూలు మఫ్లర్‌కి 40 కన్నులు, రెండు వందల గ్రాముల ఊలు, సుమారు ఆరు వందల వరసలు, అంటే ఇరవై నాలుగు వేల కన్నులు. ఇన్ని రాత్రులకి సరిపడా పని ఇంకెక్కడా అంత చవగ్గా దొరకదు. నర్సాపురం లేసులాగా క్రోషే కూడా నేర్చుకోవచ్చు, ఒకే సూది, ఒకే కన్ను తెరిచి ఉంటుంది కాబట్టి బస్సులో అదే వీలు. నాకు మాత్రం రెండు చేతులకీ సమానంగా పని ఉంటేనే బుర్ర కుదురుగా ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది అన్నింటికంటే ముఖ్యం. ఎనిమిదో నెలలో బాగానే ఉన్నానుగా, ఊలు చాలులే అని మాత్రలు నా అంతట నేనే ఆపేశాను. వారం తిరక్కుండా తల తిరుగుడు, తల పక్కకి తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు. ఆ వారం సూదులు పట్టుకుంటే అయిదో కన్ను దాటలేదు. డాక్టర్ కోప్పడి మళ్లీ మొదలుపెట్టించారు, తర్వాత ఆయనే కొన్ని నెలల పాటు కొంచెం కొంచెంగా దించారు. కాబట్టి దయచేసి ఊలుని మందు బదులు వాడకండి. 2013లో బ్రిటన్ పరిశోధకులు మూడున్నర వేల మందికి పైగా అల్లేవాళ్లని అడిగితే, ఎంత తరచుగా అల్లితే అంత నెమ్మదిగా ఉంటోందని చెప్పారు. నేను నమ్ముతాను. అయితే వాళ్లు అడిగింది అప్పటికే అల్లుతున్నవాళ్లని, సూదులు పట్టుకునే ఓపిక కూడా లేని మనిషిని కాదు. అట్లాంటి రోజులు నాకూ ఉన్నాయి, ఆ రోజుల్లో ఊలు చేసేది ఏమీ లేదు, మనిషి కావాలి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే సూదులు కింద పెట్టి 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.

ఇంకో సంగతి మా ఆవిడ చెప్తే గాని నాకు తెలియలేదు. డబ్బు గురించి మాట ఎత్తగానే నేను సూదులు అందుకుంటున్నానట. నిజమే, దాక్కుంటున్నాను. ఇప్పుడు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఊలు సంచి బీరువాలో ఉంటుంది, ఆ రెండు గంటలు మాటలకి.

మగాడు ఊలు అల్లడమేంది అని సెంటర్లో టీ కొట్టు దగ్గర అన్నవాళ్లు ఉన్నారు, బాధపడ్డాను, ఆ తర్వాత కొన్నాళ్లు టీకి ఇంకో చోటికి వెళ్లాను. చేపలు పట్టేవాళ్లుండే పట్టపుపాలెం మగవాళ్లు మాత్రం ఏమీ అనలేదు. జీవితమంతా వలలు బాగుచేసుకునేవాళ్లు వాళ్లు. అక్కడ ఒక పెద్దాయన నా మఫ్లర్ తీసుకుని అటూ ఇటూ లాగి చూసి, "ఈడ కన్ను జారింది చూడు నాయనా" అని వేలు పెట్టి చూపించాడు. నాలుగు వరసల కింద జారిన కన్ను, నిచ్చెన మెట్లలా దారాలు తేలిపోయున్నాయి. క్రోషే సూదితో ఒక్కో మెట్టూ పట్టి పైకి ఎక్కించడం ఆ రోజు ఆయన పక్కన కూర్చునే చేశాను.

పోయినేడు మళ్లీ ఒక గుంట కౌలుకి తీసుకున్నాను, ఒక్కటే. కాపలా గుడిసెలో బల్బు కింద ఊలు సంచి వేలాడుతుంటుంది. ఇప్పుడు సూది మీద ఉన్నది మా పక్కింటి పిల్లోడికి, ఈసారి అయ్యప్ప మాల వేస్తున్నాడు, నల్ల మఫ్లర్ అడిగాడు. నలుపు కష్టమే అయినా చేతికి అలవాటైపోయింది, చూడకుండానే కన్ను తెలుస్తోంది. డీఓ చూసొచ్చి కూర్చుని ఇరవై వరసలు అల్లేసరికి మళ్లీ గట్టు మీదకి పోయే టైమ్ అవుతుంది.