మారతహళ్ళిలో వారాంతపు హెచ్‌టీఎమ్‌ఎల్ తరగతి: ట్యాగులకు సరే, అట్రిబ్యూట్లకు చాలదు

బెంగళూరులోని మారతహళ్ళి వంతెన పరిసరాల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులకు కొదవ లేదు. అక్కడి పీజీల్లో ఉంటున్న మన తెలుగు పిల్లలు ఎక్కువగా జావాకో టెస్టింగ్‌కో చేరుతుంటారు. అటువంటి ఒక సెంటర్లో శని, ఆదివారాల్లో తెలుగులో చెప్పే ప్రాథమిక హెచ్‌టీఎమ్‌ఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) కోర్సు పూర్తిచేశాను. నాలాగా అకౌంట్స్ పని చేసుకుంటూ, కోడింగ్ వాసన తెలియని వారికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పడానికే ఈ సమీక్ష.

బోధనా పద్ధతిని ముందుగా మెచ్చుకోవాలి. సిద్ధాంతంతో విసిగించకుండా మొదటి గంటలోనే నోట్‌ప్యాడ్ తెరిపించి, ఒక పీజీ హాస్టల్‌కు వెబ్ పేజీ తయారుచేయించారు. హెడింగుకు హెచ్1, వివరాలకు పీ, సౌకర్యాల జాబితాకు యూఎల్, ఎల్ఐ ట్యాగులు (పేజీలో ఏ భాగం ఏమిటో బ్రౌజర్‌కు చెప్పే గుర్తులు) అలవోకగా వచ్చేశాయి. అన్నిటికన్నా నచ్చింది మెస్ పట్టిక. వరుసకు టీఆర్, గడికి టీడీ రాస్తూ వారం మొత్తం నింపాక, ఆదివారం మధ్యాహ్నానికీ రాత్రికీ కలిపి బిర్యానీ ఒక్కటే కాబట్టి ఆ రెండు గడులనూ ఒకటి చేయమన్నారు. ఆ టీడీలో, గడి ఎన్ని నిలువు వరుసల మేర పరచుకోవాలో చెప్పే కోల్‌స్పాన్ విలువ 2 అని ఇచ్చి, తరువాతి టీడీని తీసేయకపోతే పట్టిక కుడివైపు ఒక గడి బయటకు పొడుచుకువస్తుందని ఎవరి తెరమీద వారే చూశారు. ఇలా ట్యాగుకు అదనపు వివరం జోడించే అట్రిబ్యూటంటే ఏమిటో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

అక్షరాల సంగతి కూడా చక్కగా చూపించారు. కారెక్టర్ సెట్‌ను, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిని, యూటీఎఫ్-8 అని తెలిపే మెటా ట్యాగును తీసేసి, పేజీని సర్వర్ నుంచి తెరిస్తే తెలుగంతా అర్థంలేని లాటిన్ గుర్తులుగా మారిపోయింది. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయనీ, వాటిని బ్రౌజర్ విడివిడిగా చదివితే ఇలా అవుతుందనీ మాస్టారు వివరించారు.

ఇంత బాగా మొదలైన కోర్సు రెండో సగంలో గాడి తప్పింది. అక్షరాల రూపు మార్చే ఫాంట్, వాటిని మధ్యకు జరిపే సెంటర్ ట్యాగులకు దాదాపు ఒక పూట కేటాయించారు. 1997లో వచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్ 4 నాటికే వాటిని వాడవద్దన్నారు, నేటి ప్రమాణంలో వాటికి చోటే లేదు. పాత బ్యాచ్ నోట్సునే జిరాక్స్ తీసి పంచడం వల్ల వచ్చిన తంటా ఇది. (మార్‌క్వీతో అక్షరాలను పరుగెత్తించినప్పుడు క్లాసు మొత్తం కేరింతలు కొట్టిన మాట కూడా నిజమే.)

ఆ సమయాన్ని అవసరమైన అట్రిబ్యూట్లకు ఇచ్చి ఉండవలసింది. బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ గురించి "సార్, ఆల్ట్ రాయకపోయినా బొమ్మ వస్తోంది కదా?" అని ఒకమ్మాయి అడిగితే, "ఇప్పటికి వదిలెయ్యమ్మా" అని దాటవేశారు. చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది, బొమ్మ లోడ్ కానప్పుడు మిగిలేది ఆ ఆల్ట్ మాటలే. నోట్సులోని తెలుగు పేజీలన్నిటికీ, పేజీ ఏ భాషలో ఉందో తెలిపే ల్యాంగ్ విలువ ఈఎన్ (ఇంగ్లీషు) అనే ఉంది. అక్కడ టీఈ (తెలుగు) అని ఉంటేనే, తెలుగు గొంతుకు మారాలని స్క్రీన్ రీడర్‌కు స్పష్టంగా తెలుస్తుంది. ఫారంలో గడి పక్కన ఉండే మాటకు, అంటే లేబుల్‌కు, ఫర్ అనే అట్రిబ్యూట్ ఇచ్చి, ఆ గడి (ఇన్‌పుట్) ఐడీతో జతచేయడం అసలు ప్రస్తావనకే రాలేదు. ఆ జత ఉంటే ఫోనులో చిన్న చెక్‌బాక్సును వెతికి నొక్కనక్కరలేదు, పక్కనున్న మాటను తాకినా చాలు.

గది ఇరుకు, ఏసీ ఫరవాలేదు, ఫీజు ఆ ప్రాంతపు తక్కిన కోర్సులతో పోలిస్తే ఎక్కువేమీ కాదు. అయితే మొత్తం ముందే కట్టించుకుంటారు కాబట్టి, చేరదలచినవారు డెమో క్లాసుకు వెళ్ళినప్పుడే నోట్సు అడిగి తిరగేయడం మంచిది. అందులో ఫాంట్ ట్యాగు మీద అధ్యాయం ఇంకా ఉంటే, మొదటి సగానికి మాత్రమే ఫీజు తీసుకుంటారేమో అడిగి చూడండి.