ఆ పొగమంచు ద్వీపం సెట్ ఆయన దగ్గర కొనకండి (225 నుంచి 256 దాకా పేజీల్లేవు)

ఇప్పుడే ఇంటికొచ్చా. ఇంకా మంచినీళ్లు కూడా తాగలేదు. చల్లారాక రాస్తే మర్యాదగా రాసేస్తానని భయం, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ఎవరి గురించో మీకు తెలుసు. రీల్స్‌లో తెల్ల దుప్పటి మీద పుస్తకాలు పేర్చి, పక్కన కొవ్వొత్తి వెలిగించి, "మన బెజవాడ రీడర్స్ కోసం" అంటూ గొంతు మెత్తగా చేసుకుని మాట్లాడతాడే, ఆయన. ఏలూరు రోడ్డు పక్క సందులో మేడ మీద గది. పేరు రాస్తే ఆయనకి ప్రచారం, నాకు లాయరు నోటీసు. వద్దు.

ఆ మూడు భాగాల సిరీస్ గురించీ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చుట్టూ పొగమంచు గోడ, లోపల మంత్రాలు తెలిసిన నాలుగొందల గడప, బయటి ప్రపంచంతో రాకపోకల్లేవు. ఆ గోడ నిలబడాలంటే ఏటా ప్రతి ఒక్కరూ ఒక జ్ఞాపకాన్ని దానికి ఇచ్చుకోవాలి. పదహారేళ్ల పిల్ల, ఒడ్డుకి కొట్టుకొచ్చిన కుర్రాడు, మిగతాది మామూలే. మామూలే అని నేనంటాను, మీరనకండి. మా అమ్మమ్మ చెప్పే కథల్లో ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడు ఉండేవాడు. వాణ్ని చంపడమే పని. ఇక్కడ అలా కాదు, ఆ ఊళ్లోవాళ్లు అంత ఒంటరిగా ఎందుకు ఉండాల్సి వచ్చిందో కూడా ఉంటుంది. అందుకే నాకు పిచ్చి.

ఇంకో కారణం కూడా ఉంది. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చినప్పుడు మేము మేడ మీద, నా పుస్తకాల బీరువా కింద. చుట్టూ నీళ్లు, కరెంటు లేదు, ఫోన్లు లేవు, పడవ వస్తే పాల ప్యాకెట్టు, లేకపోతే లేదు. పొగమంచు గోడ మధ్య ఊరంటే ఎలా ఉంటుందో నాకు ఎవరూ వర్ణించక్కర్లేదు. నీళ్లు తీశాక చూస్తే పుస్తకాలు ఉబ్బిపోయి బీరువా తలుపు రాలేదు. నాన్న గునపం పెట్టి తీశాడు. అందులో ఈ సిరీస్ మొదటి భాగం, నేను సగం చదివి మడత పెట్టిన పేజీతో సహా, ఇడ్లీ పిండిలా అయిపోయి ఉంది.

ఇదంతా ఆయనకి మెసేజ్‌లో రాశాను. ఎందుకు రాశానో నన్నడక్కండి. ఆయన "అయ్యో మేడమ్, కళ్లలో నీళ్లొచ్చాయి, మీకోసం ఒక సెట్ పక్కన పెడతా" అన్నాడు, చివర రెండు దండాలు, ఒక ఎర్ర గుండె. గట్టి అట్ట, బంగారు అక్షరాలు, అంచులకి రంగు, మూడు పుస్తకాలూ కలిపి 2,850. ముందే మొత్తం కట్టాలి. పైన జీఎస్టీ అని 5 శాతం, 142 రూపాయల 50 పైసలు. దాన్ని కూడా గుండ్రం చేసి 3,000 అన్నాడు. అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు! ఆ సంగతి నాకు తెలుసు. అకౌంట్స్ సెక్షన్లో పనిచేస్తూ, రోజూ బిల్లులు చూస్తూ, తెలిసీ కట్టాను. క్యూఆర్ కొడితే ఇంకెవరి పేరో వచ్చింది. అయినా నొక్కాను. జనవరిలో బుక్ ఎగ్జిబిషన్‌కి వెళ్లి, పది శాతమేనా తగ్గించేది అని ముఖం చిట్లించి ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన మహాతల్లిని నేనే.

సరే, పుస్తకాలు వచ్చాయి. చూడ్డానికి బాగున్నాయి. మొదటి భాగం రెండు రాత్రుల్లో సగం పైగా లాగించేశా. 224వ పేజీ. కుర్రాడు గోడ అంచున నిలబడ్డాడు. వాడు దాటితే అన్నీ మర్చిపోతాడు, దాటకపోతే ఊరివాళ్లు చంపేస్తారు. ఆ పిల్ల ఒక జ్ఞాపకం ఇచ్చి వాణ్ని ఆపాలి. ఏ జ్ఞాపకం ఇవ్వాలా అని నోరు తెరిచింది. పేజీ తిప్పాను.

193.

మళ్లీ పడవ బాగుచేస్తున్నారు. మళ్లీ ముసలామె చేపలు ఎండబెడుతోంది. ముందు నా నిద్రమత్తు అనుకున్నా. తర్వాత ఇదేదో కథలో మాయేమో, కాలం వెనక్కి తిరిగిందేమో అనుకుని, సిగ్గు లేకుండా ఇంకో ఆరు పేజీలు చదివాను కూడా! 193 నుంచి 224 దాకా రెండోసారి ఉన్నాయి. ఆ తర్వాత తిన్నగా 257. అక్కడ ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఏడుస్తోంది. ఎందుకు ఏడుస్తోందో ఆ పిల్లకి తెలుసు, రాసినావిడకి తెలుసు.

గాంధీనగర్‌లో మాకు తెలిసిన బైండింగ్ బాబాయ్‌కి చూపించా. ఆయన పుస్తకం తెరవకముందే అట్ట మీద గోరు పెట్టి గీశాడు. బంగారం కాదు, పసుపు రంగు అచ్చు. అంచు మీద తడి వేలు రాస్తే రంగు వేలికొచ్చింది. ఫారానికి పదహారు పేజీలమ్మా, రెండు ఫారాలు ఎగిరిపోయి, వాటి బదులు పాత రెండే మళ్లీ కుట్టేశారు అన్నాడు. కుట్టలేదు, అంటించారని మళ్లీ ఆయనే దిద్దుకున్నాడు. తర్వాత మూడు పుస్తకాలూ బోర్లా పెట్టి, వెనక అట్ట మీద 978తో మొదలయ్యే పదమూడంకెల నంబరు చూడమన్నాడు. మూడిటికీ ఒకటే నంబరు. ఏ భాగానికి ఆ భాగం నంబరు వేరే ఉండాలిట. ముగ్గురు పిల్లలకి ఒకటే ఆధార్ అన్నమాట.

అప్పటికీ కోపం రాలేదు నాకు. ఆయన్నీ ఎవరో మోసం చేసుంటారు అనుకున్నా, నా మంచితనం కాలిపోను. ఇవాళ ఆఫీసు నుంచి సగం పూట సెలవు పెట్టి, షేర్ ఆటో ఎక్కి వెళ్లాను. గదిలో నలుగురైదుగురు కాలేజీ పిల్లలు పుస్తకాలు చూస్తున్నారు. నన్ను చూడగానే "రండి మేడమ్, కూర్చోండి" అన్నాడు. పుస్తకం తెరిచి 224, 193 చూపించాను. అన్‌బాక్సింగ్ వీడియో ఉందా అన్నాడు. లేదన్నాను. పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో తీసుకుంటూ కూర్చోవాలని నాకేం తెలుసు, మా అమ్మ కత్తిపీటతో కోసేసింది. అయితే రిటర్న్ లేదన్నాడు. వీడియోలో పేజీ నంబర్లు కనపడతాయా అండీ, లోపల అచ్చే తప్పు కదా అన్నాను.

అప్పుడు పుస్తకం చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చూసి, ఆ పిల్లలందరికీ వినపడేలా అన్నాడు:

"నీది సింగ్‌నగర్ కదమ్మా? వరదలో పోయిన పుస్తకం తెచ్చి నా నెత్తిన రుద్దుదామనా?"

ఇప్పటిదాకా ఆయన. ఇక్కణ్నుంచి వాడు.

మేడమ్ పోయి అమ్మా, మీరు పోయి నువ్వు, మూడు నిమిషాల్లో. అది కూడా పోనీ. వరద సంగతి వాడికి చెప్పింది నేను. కళ్లలో నీళ్లొచ్చాయన్నది వాడు. దాన్ని దాచిపెట్టుకుని, అవసరం వచ్చినప్పుడు తీసి నా మీదే విసిరాడు. నవలలో ఆ పొగమంచు గోడైనా అడిగి తీసుకుంటుంది జ్ఞాపకాన్ని.

నాకు మాట రాలేదు. ఇంటికొచ్చేదాకా ఆటోలో పది జవాబులు తట్టాయి, ఒకదాన్ని మించి ఒకటి. అక్కడ మాత్రం "బురద వాసన వస్తోందా అండీ?" అని మాత్రమే అనగలిగాను, అదీ గొంతు వణుకుతూ. పిల్లల్లో ఒకమ్మాయి తన చేతిలో పుస్తకం మెల్లగా కింద పెట్టేసింది. ఆ అమ్మాయికి దణ్ణం.

వాడు అది చూశాడు. చూసి నవ్వుతూ, "అయినా లవ్ స్టోరీయే కదా, ముప్పై రెండు పేజీల్లో ఏం కొంప మునిగింది? మూడో భాగంలో ఆ కుర్రాడే ఆ గోడ అని తేలుతుంది, ఆ పిల్ల వాణ్ని దాటి వెళ్లిపోతుంది. అయిపోయింది. ఇంక చదవక్కర్లేదు, టైం మిగిలింది నీకు" అన్నాడు.

పేజీలు ఇవ్వకపోగా మూడో భాగం ముగింపు చెప్పేశాడు. నేను మూడోది ఇంకా తెరవనే లేదు. తెరిచాను ఇందాక. నిజమే చెప్పాడు. వాడి షాపులో దొరికిన ఏకైక అసలు సరుకు అదే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించా, నంబరు వచ్చింది. డబ్బు రాకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్తా, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. మూడు వేల కోసం కోర్టుకెక్కుతావా అంటున్నాడు నాన్న. మూడు వేల కోసం కాదు.

మీరు ఎవరి దగ్గర కొన్నా సరే, డబ్బు కట్టే ముందు వెనక అట్ట ఫొటో అడగండి, నంబరు చూసుకోండి. పుస్తకానికి జీఎస్టీ అన్నవాడి దగ్గర లేచి వచ్చేయండి. పార్సిల్ వీడియో తీయండి, కత్తిపీట అమ్మకి ఇవ్వకండి. మీ ఇంటి కష్టాలు మెసేజుల్లో రాయకండి.

మీలో ఎవరి దగ్గరైనా మొదటి భాగం అసలు కాపీ ఉంటే చెప్పండి. పటమట అయినా, భవానీపురం అయినా, గుంటూరు బ్రాడీపేట అయినా వస్తా. మీ ఎదురుగానే కూర్చుని 225 నుంచి 256 దాకా చదివి అక్కడే ఇచ్చేస్తా. కాఫీ నాది. ఆ పిల్ల ఏ జ్ఞాపకం ఇచ్చిందో మాత్రం మెసేజ్‌లో చెప్పకండి. అదొక్కటే వాడు చెప్పకుండా మిగిలింది.