తొండి అంటే వినే స్కూలు

మా పాప ఈ ఏడాది హనుమకొండలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న స్కూల్లో నాలుగో తరగతి చదివింది. ర్యాంకులు, ఏసీ గదుల గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు.

అంతకుముందు చదివిన స్కూల్లో ఫస్ట్ ర్యాంకు వచ్చిన అమ్మాయే లీడర్. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేది, తన ఫ్రెండ్స్ పేర్లు మాత్రం రాసేది కాదు. ఒకరోజు ఎవరో అరిచారని క్లాసు మొత్తాన్నీ మోకాళ్ల మీద నిలబెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది కదా అని అడిగితే "చిన్న విషయం మేడమ్" అన్నారు. పాప ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని "నేను మాట్లాడలేదు కదమ్మా, మరి నన్నెందుకు?" అని అడుగుతూనే ఉంది.

ఇక్కడ లీడర్‌ని పిల్లలే ఎన్నుకుంటారు, నెలనెలా మారుస్తారు. తలా ఒక చింతగింజ ఇస్తారు, అట్ట చాటున పేర్లు రాసిన డబ్బాలుంటాయి, ఒక్కొక్కరే వెళ్లి వేసి రావాలి. ఎవరికి వేశావే అని అడిగితే "చెప్పకూడదమ్మా" అంది, ఎంత బతిమాలినా చెప్పలేదు.

నాకు బాగా నచ్చింది బెంచీల గొడవ. అందరూ వారానికోసారి సీటు మారాలని రూలు పెట్టుకున్నారు, కానీ కళ్లజోడు పెట్టుకునే ఒక బాబు నేను ముందు బెంచీలోనే ఉంటానన్నాడు. క్లాసంతా తొండి తొండి అని గోల. టీచర్ తీర్పు చెప్పకుండా వాణ్ని చివరి బెంచీలో కూర్చోబెట్టి బోర్డు చదవమన్నారట, వాడు చదవలేకపోయాడు. అరగంట వాదించుకుని వాడికి ముందు సీటు ఖాయం చేశారు, మిగతావాళ్లకి వంతులు. "మాకు కనిపిస్తుంది, వాడికి కనిపించదు కదా" అని పాప నాకు వివరంగా చెప్పింది. రాజ్యాంగ ప్రవేశికలో సమానత్వం అనే మాట నేను చిన్నప్పుడు బట్టీ పట్టానే తప్ప దాని గురించి ఇలా ఎవరితోనూ వాదించింది లేదు.

లోపాలు లేకపోలేదు. ఆటస్థలం చాలా ఇరుకు. ఆరో తరగతి నుంచి మాత్రం లీడర్‌ని మార్కులు చూసి టీచర్లే పెడతారు, సిలబస్ టెన్షన్ అంటారు. ఇది నాకు అస్సలు నచ్చలేదు, పేరెంట్స్ మీటింగ్‌లో రెండుసార్లు చెప్పాను, మళ్లీ చెబుతాను.

అడ్మిషన్‌కి వెళితే నాలుగో తరగతి గోడ మీద పిల్లలు రాసుకున్న రూల్స్ చార్టు చూడండి. ఏడో రూలు కొట్టేసి కింద ఎర్ర స్కెచ్‌పెన్నుతో మళ్లీ రాసి ఉంటుంది: "బోర్డు మీద పేరు రాసే ముందు వాళ్లను అడగాలి."