సెకండ్ షో బి షిఫ్టు కోసం ఆగేది: మా గాజువాక హాలు మీద నా సమీక్ష

మా హాలు గోడ మీద సెకండ్ షో 10 గంటలకని ఎర్రరంగుతో రాసి ఉండేది. పదింటికి బొమ్మ పడిన రోజు నాకు గుర్తు లేదు. పదింటికి స్లైడ్లు మొదలయ్యేవి. పాత గాజువాకలో బట్టల కొట్టు, బంగారం కొట్టు, కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన, పొగ తాగరాదు, ముందు సీటు మీద కాళ్లు పెట్టరాదు. ఒక చుట్టు అయిపోతే మళ్లీ బట్టల కొట్టు. ఆ తర్వాత ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల రీలు: ఎక్కడో వరదలు, ఎవరో మంత్రిగారి శంకుస్థాపన. 10:30 దాటాక, స్టీల్ ప్లాంటులో పదింటికి బి షిఫ్టు దిగినవాళ్ల బస్సులు జంక్షన్లో ఆగేవి. చేతిలో క్యారేజీలతో, కొందరు హెల్మెట్లు కూడా పట్టుకుని, జనం గేటు దాటాక గేటు బాబాయ్ బెల్లు కొట్టేవాడు. బొమ్మ అప్పుడు పడేది.

1987 నుంచి 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి తలుపులు మూసేదాకా, 33 ఏళ్లు ఆ హాల్లో సినిమాలు చూశాను. తర్వాత అది మళ్లీ తెరుచుకోలేదు. హాలు పేరు రాయను. రాయబోయే వాటిలో నల్లుల సంగతి కూడా ఉంది, యజమాని కుటుంబం ఇంకా ఇక్కడే ఉంటోంది, రోజూ ఎదురుపడతాం.

మాది ప్లాంటు కోసం భూములిచ్చిన ఊరు. పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీలో ఇల్లు కట్టుకున్నాం, నాన్నకి ఆర్ కార్డు, అంటే నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు మీద ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో ఉద్యోగం వచ్చింది. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక షిఫ్టులు పూర్తిగా నడవడం మొదలైంది. పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా ఏ షిఫ్టు, రెండు నుంచి పది దాకా బి, పది నుంచి మళ్లీ ఆరు దాకా సి. గాజువాకలో పాలవాడి దగ్గర్నుంచి ట్యూషన్ మాస్టారి దాకా అందరూ ఈ లెక్కకి సర్దుకున్నారు. హాలు కూడా సర్దుకుంది. మ్యాట్నీ 2:30కి. మగాళ్లని బి షిఫ్టుకి పంపేసి, అంట్లు తోమేసుకుని, అమ్మ, పక్కింటి అత్త, వెనకింటి పిన్ని నడిచే వచ్చేవాళ్లు. మ్యాట్నీకి ఆడవాళ్ల క్యూ మగాళ్ల క్యూ కంటే పొడుగు. సాయంత్రం వచ్చిన అతిథికి కాఫీ ఇస్తూనే, మధ్యాహ్నం చూసిన సినిమా కథ మొత్తం చెప్పేయడం మా అమ్మకి అలవాటు. ఆ అతిథి టికెట్ డబ్బులు ఆదా.

ఇక సీట్లు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ, నాలుగు తరగతులు. నేల అంటే మా కాలానికి మట్టి కాదు, సిమెంటు దిమ్మెలు. బెంచీలో రెండు ఇనప స్తంభాలుండేవి. ఎడమ స్తంభం వెనక కూర్చుంటే తెరలో మూడో వంతు కనపడదు. హీరో, విలన్ ఎదురెదురుగా నిలబడితే ఒక్కడే కనిపిస్తాడు, రెండోవాడు గొంతు మాత్రమే. ఆలస్యంగా వచ్చినవాడికే ఆ సీటు. నేను చాలాసార్లు కూర్చున్నాను. కుర్చీ క్లాసు కుషన్లలో నల్లులు. ప్యాంటు మీద పౌడరు జల్లుకుని వచ్చే మనిషి ఒకాయన ఉండేవాడు, నవ్వేవాళ్లం. తర్వాత మేమూ జల్లుకున్నాం. బాల్కనీ బాగుండేది, ఫ్యాన్లు తిరిగేవి, కానీ రేకుల కప్పు దగ్గర కాబట్టి మే నెలలో ఫస్ట్ షోకి వెళ్తే పకోడీలా వేగడమే. మరుగుదొడ్ల గురించి రాయను. ఇంటర్వెల్‌కి చాలామంది వెనక గోడ దాకా పోయేవాళ్లు, అంతే.

ప్రొజెక్షన్ దగ్గర కాసేపు ఆగుతాను. అది నా పనికి దగ్గరిది. నేను ఆటోనగర్లో వెల్డింగ్ షాపు నడుపుతాను. పని నేర్చుకుంటున్న రోజుల్లోనే ఆపరేటర్ గారితో స్నేహం కుదిరింది, అదీ నల్ల అద్దం వల్ల. పైన గదిలో రెండు ఫోటోఫోన్ ప్రొజెక్టర్ మెషిన్లు. వెలుగు బల్బుది కాదు, కార్బన్ కడ్డీలది. రెండు కడ్డీల మొనలు దగ్గరపెట్టి డీసీ కరెంటు పంపితే మధ్యలో ఆర్క్ లేస్తుంది. అచ్చం మా వెల్డింగే. వెనక పుటాకార అద్దం ఆ వెలుగుని పోగుచేసి ఫిలిం మీదకి కొడుతుంది. కడ్డీ కాలుతూ పొట్టిదవుతుంటే ఎడం పెరిగి వెలుగు ఎర్రబడుతుంది, కాబట్టి ఆపరేటర్ నల్ల అద్దంలోంచి చూస్తూ దగ్గరికి జరుపుతుండాలి. ఆయన అద్దం పగిలితే మా షాపులోంచి ఒకటి తెచ్చిచ్చాను. ఆ రోజు నుంచి నాకు పై గదిలో స్టూలు. కింద జనం "రేయ్, లైటూ!" అని అరిచారంటే పైన ఆయన బీడీ కోసం బయటికి వెళ్లాడని అర్థం.

ఒక్కో పెద్ద చుట్ట 2000 అడుగులు, 22 నిమిషాలు ఆడుతుంది. అయిపోయే ముందు తెర కుడి పైమూలలో చిన్న చుక్క మెరుస్తుంది. మొదటి చుక్కకి రెండో మెషిన్ తిప్పాలి, రెండో చుక్కకి వెలుగు మార్చాలి. కుదిరితే చూసేవాడికి తెలియనే తెలియదు. ఆ చుక్క సంగతి తెలిసిన దగ్గర్నుంచి నేను సినిమా చూడటం మానేసి మూల వైపే చూసేవాణ్ని. అదో రోగం. ఇప్పుడు కూడా ఎక్కడైనా పాత సినిమాలో చుక్క మెరిస్తే నా చెయ్యి లేస్తుంది.

ప్రింట్లు మాత్రం మాకు ఎప్పుడూ అరిగినవే వచ్చేవి. కొత్త సినిమా ముందు ఊళ్లో ఆడాలి. మాకు విశాఖపట్నం అంటే ఊరు, జగదాంబ జంక్షన్ అంటే సినిమా. ఒక హాలు పేరే ఆ కూడలికి పేరైపోయిందంటే ఆ రోజుల్లో దాని వైభవం ఊహించుకోండి. అక్కడ ఆడి, వేరే ఊళ్లు తిరిగి, వాన కురుస్తున్నట్టు నిలువు గీతలతో మా దగ్గరికి వచ్చేది ప్రింటు. తెగినచోటల్లా నాలుగు ఫ్రేములు కత్తిరించి అతికిస్తారు. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి ఒక అతుకుతో పెద్ద నష్టం లేదు, కానీ పది ఊళ్లు తిరిగేసరికి మాటలో సగం ఎగిరిపోతుంది. ఒక సినిమాలో హీరోయిన్ "నేను నిన్ను" అని మొదలుపెట్టి నేరుగా బస్సెక్కేది. ఏమందో ఆరేళ్ల తర్వాత టీవీలో తెలిసింది. పెద్ద సంగతేమీ కాదు.

సౌండ్‌కి మొదటి పదేళ్లలో పదికి మూడు మార్కులు. రేకుల మీద వాన పడితే సున్నా. శ్రావణ భాద్రపదాల్లో మేం చూసినవన్నీ మూకీలే. ఆ తర్వాత కార్బన్ కడ్డీల చోట జినాన్ బల్బు వచ్చింది, డీటీఎస్ సౌండ్ వచ్చింది. డీటీఎస్‌లో సౌండ్ ఫిలిం మీద ఉండదు, పక్కన పెట్టిన డిస్కులో ఉంటుంది, ఫిలిం అంచున ఉన్న గుర్తుల్ని చదువుకుంటూ మెషిన్ రెండింటినీ కలిపి నడుపుతుంది. డిస్కు మీద గీత పడితే మెషిన్ తనంతట తనే ఫిలిం మీదున్న పాత సౌండ్‌కి మారిపోయేది. నాలుగు వైపుల నుంచి ఉరుములు ఉరిమే ఫైటు ఉన్నట్టుండి వంటింట్లో రేడియో అయిపోతుంది. జనం ఈలలు. రెండు నిమిషాలకి మళ్లీ ఉరుములు, మళ్లీ ఈలలు, ఈసారి సంతోషంతో.

తిండికి మాత్రం పూర్తి మార్కులు. ఉల్లి సమోసా, మురీ మిక్చర్, ఎండాకాలం గోలీసోడా. మిక్చర్ కలిపే అవ్వ నిమ్మకాయ పిండుతూ "నాన్న ఏ షిఫ్టురా?" అని అడిగేది. సి షిఫ్టు అంటే నాన్న ఇంట్లో పడుకుని ఉన్నాడని, వీడు చెప్పకుండా వచ్చాడని ఆవిడకి తెలుసు. గేటు బాబాయ్‌కీ తెలుసు. పదో తరగతి పరీక్షలప్పుడు నన్ను గేట్లోనే ఆపి "ఏటి బాబూ, పరీచ్చ లేదేటి?" అని వెనక్కి పంపాడు. చేతిలో టికెట్ ఉంది, డబ్బులు తిరిగివ్వలేదు. పరీక్ష అయ్యాక ఆ చిరిగిన టికెట్ చూపిస్తే లోపలికి వదిలాడు. ఏ ఆన్‌లైన్ బుకింగ్‌లో ఉందండీ ఈ సౌకర్యం?

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. హాలు కప్పు రేకులు లేచి రోడ్డు దాటి అవతల పడ్డాయి. నా షాపుకీ అదే గతి. రోజుల తరబడి కరెంటు లేదు. వారం తర్వాత వెళ్తే హాలు లోపల ఎండ. తెర చిరిగి వేలాడుతోంది, కుర్చీల్లో నీళ్లు. ఎప్పుడూ చీకట్లోనే చూసిన చోటు కదా, గోడలకి లేత ఆకుపచ్చ రంగుందని ఆ రోజే తెలిసింది. కప్పు దూలాలకి అతుకులు నేనే వేశాను. కూలి సగం డబ్బుగా, సగం పాసులుగా ఇచ్చారు. పాసులు ఇంకో నాలుగున్నాయి, వాడలేదు.

బాగుచేశాక హాలు మెరుగైందనే చెప్పాలి. కొత్త రేకులు, కింద ఫాల్స్ సీలింగ్, నల్లుల కుషన్లు పోయి ప్లాస్టిక్ కుర్చీలు. అప్పటికే ఫిలిం డబ్బాలు పోయాయి, పైన డిష్ పెట్టారు, సినిమా ఉపగ్రహం నుంచి దిగేది. గీతల్లేవు, అతుకుల్లేవు, ఊళ్లో రిలీజైన రోజే మాకూ రిలీజ్. ఆపరేటర్ గారు రిటైరై పోయారు. ఆయన చోట కూర్చున్న కుర్రాడు బటన్ నొక్కి ఫోన్ చూసుకుంటాడు. తప్పేమీ లేదు, చూడటానికి అక్కడ ఆర్క్ లేదు.

నాకు మండింది వేరే చోట. ఆన్‌లైన్‌లో టికెట్లు పెట్టాక సెకండ్ షో 9:30 అన్నారు, 9:30కే వేశారు. ఫోన్లో ఒక టైము చూసుకుని వచ్చినవాడికి ఇంకో టైముకి వేస్తే ఊరుకోడు, నిజమే. కానీ ఆ వచ్చినవాళ్లెవరు? షీలానగర్ వైపు నుంచి కారులో వచ్చే పది కుటుంబాలు. రెండు మూడు సినిమాల తర్వాత వాళ్లు మాల్‌కి పోయారు, ఏసీ బాగుంటుందని. బి షిఫ్టు వాళ్లు అప్పటికే అలవాటు తప్పారు. 10:40కి బస్సు దిగినవాడు ఇంటర్వెల్ దగ్గర్నుంచి సినిమా ఏం చేసుకుంటాడు? ఈ సంగతి కౌంటర్లో రెండుసార్లు చెప్పాను. "సిస్టమ్‌లో అలా పెట్టడానికి కుదరదు సార్" అన్నారు. 33 ఏళ్లలో నన్ను ఆ హాల్లో ఎవరైనా సార్ అనడం అదే మొదలు.

2018 మార్చిలో డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీల మీద నిర్మాతలకీ ఆ సర్వీసు ఇచ్చే కంపెనీలకీ పేచీ వచ్చి, రెండు రాష్ట్రాల్లోనూ వారం పాటు హాళ్లు మూతపడ్డాయి. ఆ వారం గేటు బాబాయ్ రోజూ వచ్చి గేటు దగ్గర కుర్చీ వేసుకునే కూర్చున్నాడు. రేట్ల సంగతికొస్తే, 2019 జనవరిలో వంద లోపు టికెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 12కి దిగింది. మా కౌంటర్లో రూపాయి దిగలేదు. ఖర్చులు అలా ఉన్నాయట. ఉండే ఉంటాయి. చివరి ఏడాది సోమవారం మ్యాట్నీకి నేను వెళ్తే నాతో కలిపి పదకొండు మంది. అయినా కరెంటు అంతే కాలుతుంది.

స్టార్లు ఇవ్వమంటే బొమ్మకి రెండున్నర, సీట్లకి ఒకటి, తిండికి ఐదు. పాత సెకండ్ షో టైముకి ఎన్నివ్వాలో నాకు తెలీదు. మళ్లీ తెరిస్తే వెళ్తావా అంటే వెళ్తాను. నెలకోసారి, స్తంభం వెనక కాకపోతే.

ఇప్పుడది ఫంక్షన్ హాలు. కిందటి మాఘమాసంలో మేనల్లుడి రిసెప్షన్ అందులోనే. కుర్చీలు తీసేసి, వాలుగా ఉన్న నేలని మట్టిపోసి లెవెల్ చేసి టైల్స్ పరిచారు గానీ సరిగ్గా కుదరలేదు. బల్ల కింద పెట్టిన నీళ్ల సీసా పడితే స్టేజీ వైపే దొర్లుతుంది. స్తంభాలు అలాగే ఉన్నాయి, బంతిపూలు చుట్టారు. వెనక గోడ పైన ప్రొజెక్టర్ కన్నాలు రెండూ మూసేశారు, కానీ సున్నం కింద చతురస్రాల ఆనవాలు తెలుస్తోంది. పిల్లాడిది ప్లాంటులోనే ఉద్యోగం. పదయ్యేసరికి జనం పలచబడ్డారు, క్యాటరింగ్ కుర్రాళ్లు గిన్నెలు సర్దడం మొదలుపెట్టారు. మా బావ పరిగెత్తుకెళ్లి ఆపాడు.

"ఆగండి బాబూ, బి షిఫ్టు బస్సు రావాలి."

బిర్యానీ మీద మళ్లీ మూతలు పెట్టారు. గేటు దగ్గర మా బావ చేతులు వెనక్కి కట్టుకుని జంక్షన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. టైము 10:20.