1851, 1866, 1870: ఈ నౌకా పందేల్లో ఏది అసలైన పరీక్ష?

1870 జులై 27న కేంబ్రియా అనే ఇంగ్లండు స్కూనర్ (రెండు కొయ్యల తెరచాప నౌక) అట్లాంటిక్ దాటి వచ్చి, న్యూయార్క్ ముంగిట ఒక అమెరికా నౌకను ఓడించింది. పన్నెండు రోజులు గడిచాయో లేదో, ఆగస్టు 8న అదే న్యూయార్క్ నీళ్లలో జరిగిన మరో పందెంలో పదో స్థానానికి జారిపోయింది. నౌక అదే, యజమాని అదే. మారింది పందెం కట్టిన తీరు.

తెరచాప నౌకల తొలినాటి అంతర్జాతీయ పోటీల మాట వస్తే అందరూ 1851 దగ్గరే ఆగిపోతారు. తెరచాప నౌకల పోటీల్లో పేరుమోసిన బహుమతి అమెరికాస్ కప్ పుట్టింది అప్పుడే కనుక అందులో వింతేమీ లేదు. కానీ ఏ నౌక మేలైనదో, ఏ సిబ్బంది సమర్థులో తేల్చడమే పందెం పని అయితే, పేరు మోసిన ఆ పోటీకి నేను మొదటి స్థానం ఇవ్వలేను.

లండన్‌లో దేశదేశాల పరిశ్రమల మహా ప్రదర్శన జరుగుతున్న 1851 అది. న్యూయార్క్ యాట్ క్లబ్ అధ్యక్షుడు జాన్ కాక్స్ స్టీవెన్స్, అతని మిత్రులు కలిసి కట్టించిన ‘అమెరికా’ అనే స్కూనర్ సముద్రం దాటి ఇంగ్లండు వచ్చింది. రూపకర్త జార్జ్ స్టీర్స్. అప్పటి ఇంగ్లండు నౌకలు చేప ఆకారాన్ని నమ్ముకున్నవి: ముందు బొద్దుగా, వెనక సన్నగా ఉండేవి. దీని ముక్కు మాత్రం కత్తిలా నీటిని చీల్చేది. తెరచాపల్లోనూ తేడా ఉంది. వాళ్లవి నారబట్టవి. గాలికి సంచుల్లా ఉబ్బేవి. నేత బిగియడానికి వాటిని నీళ్లతో తడిపేవారు. అమెరికా తెరచాపలు మరనేత నూలుబట్టవి, పలకలా చదునుగా నిలిచేవి. దీన్ని చూశాక పందెం కాయడానికి ఇంగ్లండులో చాలా రోజులు ఎవరూ ముందుకు రాలేదు. స్టీవెన్స్ 10,000 గినీల (గినీ అంటే పౌండుకు కాస్త ఎక్కువ) దాకా కాస్తానన్నా ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఆగస్టు 22న రాయల్ యాట్ స్క్వాడ్రన్ అనే ఇంగ్లండు నౌకా క్లబ్ వారు, ఆ దేశపు దక్షిణ తీరాన ఉన్న వైట్ దీవి చుట్టూ ఏటా జరిపే పందెంలో చోటిచ్చారు. దూరం 53 మైళ్లు, బహుమతి నూరు పౌండ్ల వెండి కూజా. తర్వాత అమెరికాస్ కప్ అయింది ఆ కూజాయే. దానికి అడుగు ఉండదు. అందులో పోసిన నీళ్లు నేల మీదికే పోతాయి!

బరిలో 15 నౌకలు. వాటిలో అమెరికా పరిమాణం 170 టన్నులు, చివరిదాకా వెన్నంటి వచ్చిన అరోరాది 47 టన్నులు. పరిమాణాన్ని బట్టి సమయం సర్దుబాటు చేసే పద్ధతిని ఆ రోజుకు పక్కన పెట్టారు. హుసేన్‌సాగర్‌లో ఏటా జరిగే సెయిలింగ్ పోటీలు చూసినవారికి ఇది విడ్డూరంగానే ఉంటుంది. అక్కడ లేజర్ అనే చిన్న తెరచాప పడవలన్నీ ఒకే కొలతవి కనుక ఆ పేచీయే రాదు. దారి విషయంలోనూ గందరగోళమే. అచ్చువేసిన ప్రకటనలో నాబ్ దీపనౌకకు (దారి చూపే దీపంతో లంగరేసి నిలిపిన నౌక) బయటి వైపు నుంచి వెళ్లాలని ఉంది. పందెం కార్డులో ‘దీవి చుట్టూ’ అని మాత్రమే ఉంది. అమెరికా లోపలి దారి పట్టి దూరం కలిసొచ్చేలా చూసుకుంది, మిగిలినవాటిలో చాలా నౌకలు వాడుక ప్రకారం బయటి నుంచి తిరిగాయి. ఈలోగా యారో అనే నౌక నేల తట్టి ఇరుక్కుంది. దానికి సాయం చేయబోయి అలారం వెనకబడింది. వొలాంటే, ఫ్రీక్ ఒకదానికొకటి గుద్దుకున్నాయి. గట్టి పోటీదారులు ఇలా రాలిపోగా, రాత్రి ఎనిమిదిన్నర దాటాక అమెరికా గమ్యం చేరింది. కొన్ని నిమిషాలకే అరోరా వచ్చింది. టన్నుల లెక్కన సమయం సర్ది ఉంటే తేడా ఇంకెంత మిగిలేదో ఊహించుకోవచ్చు.

అమెరికా మంచి నౌక కాదని నా మాటల అర్థం కాదు. ఆ దెబ్బకు ఇంగ్లండులో నౌకల ముక్కులూ తెరచాపల గుడ్డా మారిపోయాయి. ప్రభావం చూస్తే 1851కి సాటి లేదు, పరీక్షగా మాత్రం అది లోటుపాట్ల పుట్ట.

1866 సంగతి వేరు. విందు బల్ల దగ్గర మొదలైన మాటపట్టింపు అది. హెన్రియెట్టా, ఫ్లీట్‌వింగ్, వెస్టా అనే మూడు స్కూనర్లు, ఒక్కో యజమాని 30,000 డాలర్లు, గెలిచినవాడికి మొత్తం 90,000. డిసెంబరు 11న న్యూయార్క్ దగ్గరి శాండీ హుక్ నుంచి బయలుదేరి వైట్ దీవి కొసన ఉన్న నీడిల్స్ శిలల దాకా వెళ్లాలి. మూడూ 200 టన్నుల పైచిలుకువే కనుక పరిమాణం దగ్గర పేచీ లేదు. కానీ అట్లాంటిక్‌లో డిసెంబరు! యజమానుల్లో నౌక ఎక్కింది హెన్రియెట్టా సొంతదారు జేమ్స్ గోర్డన్ బెనెట్ ఒక్కడే. మిగిలినవాళ్లు ఒడ్డునే ఉండిపోయారు. దారిలో ఒక పెద్ద అల ఫ్లీట్‌వింగ్ మీద విరుచుకుపడి ఆరుగురు నావికులను మింగేసింది. హెన్రియెట్టా దాదాపు 14 రోజుల్లో, సరిగ్గా క్రిస్మస్ నాడు గమ్యం చేరింది. ధైర్యానికి మెచ్చుకునేవారు మెచ్చుకోవచ్చు. డబ్బు ఒకడిదీ ప్రాణం మరొకడిదీ అయిన పందేన్ని నేను పోలికలోంచే తీసేస్తాను. పైగా మూడూ అమెరికా నౌకలే కాబట్టి దేశాల మధ్య పోటీ అనిపించుకోదు.

ఇక 1870లో జరిగిన రెండు పందేలు. ఇంగ్లండుకు చెందిన జేమ్స్ ఆష్‌బరీ కప్పును వెనక్కి తెద్దామని కేంబ్రియాతో బయలుదేరాడు. ఎలాగూ సముద్రం దాటాలి కనుక బెనెట్ కొత్త నౌక డాంట్లెస్‌తో దారిలోనే పందెం కట్టాడు. జులై 4న ఐర్లండు తీరంలోని డాంట్ రాక్ దగ్గర మొదలు, శాండీ హుక్ దగ్గర ముగింపు. ఈసారి ప్రయాణం పడమటికి, అంటే ఆ సముద్రంలో ఎక్కువగా వీచే పడమటి గాలికి ఎదురు. 1866లో గాలివాటుగా 14 రోజులు పట్టిన సముద్రాన్ని ఎదురుగాలిలో దాటడానికి 23 రోజులు పట్టింది. అన్ని రోజుల తర్వాత కేంబ్రియా 1 గంట 43 నిమిషాల ముందు చేరింది.

కప్పు కోసం జరిగిన ఆగస్టు పందెం దీనికి పూర్తిగా విరుద్ధం. న్యూయార్క్ క్లబ్ వారు కేంబ్రియాను ఒక నౌకతో కాక డజనుకు పైగా సొంత నౌకలతో ఒకేసారి పోటీకి దింపారు. 1851లో తమ నౌక కూడా ఇంగ్లండు గుంపునంతా ఎదుర్కొన్నదే కదా అని వారి వాదన. తర్కం సరిపోతుంది, న్యాయం సరిపోదు. గుంపులో ఎవరో ఒకరు గాలి అడ్డుకోవచ్చు, దారి మూయవచ్చు. నిజంగానే ఒక నౌక కేంబ్రియాను రాసుకుంటూ పోయింది. క్లబ్ నౌకల్లో మ్యాజిక్ అనేది గెలిచింది. నౌకాదళం చేతిలో ఉన్న, 1851 నాటి పాత ‘అమెరికా’ నాలుగోదైంది. మరుసటి ఏడాది ఆష్‌బరీ లివోనియాతో తిరిగొచ్చి తగవు పెట్టుకున్నాడు. కప్పు నిబంధనల్లోని ‘మ్యాచ్’ అనే మాటకు అర్థం ఒకరితో ఒకరు తలపడటమేనని కప్పు దాతల్లో ఒకరైన జార్జ్ స్కైలర్ తేల్చి చెప్పాకే క్లబ్ దిగివచ్చింది.

కాబట్టి నా ఓటు 1870 జులై పందేనికే. రెండు దేశాల రెండు నౌకలు, ఎవరి దారి వారిది, గుంపు లేదు, దీపనౌక పేచీ లేదు, మూడు వారాలకు పైగా ఎదురుగాలి. పరిమాణంలో డాంట్లెస్ పెద్దదే. అయినా చిన్నదే గెలిచింది కనుక ఆ లెక్క కేంబ్రియాకు మెట్టు ఎక్కిస్తుందే తప్ప దించదు.

ఒక్క సంగతి మాత్రం నన్ను వదలదు. మధ్య సముద్రంలో డాంట్లెస్ ముందు కొయ్య మీద తెరచాప దించుతున్న ఇద్దరు నావికులను అల ఈడ్చుకుపోయింది. బెనెట్ నౌక పరుగు ఆపి వాళ్ల కోసం చాలాసేపు వెతికింది, వాళ్లు దొరకలేదు. ఆ తర్వాత ఓడిపోయింది గంటా నలభై మూడు నిమిషాల తేడాతో.