కోర్టు ఆర్డరా, తెల్ల కాగితమా? మందులు మానేసిన మనిషికి ఏది మేలు?

"చేపల పులుసులో బిళ్ళ నూరి కలిపితే చేదు తెలీదనుకున్నా నాయనా. మొదటి ముద్దకే పట్టేశాడు. ఆ పొద్దు నించి నా చేతి కూడు ముట్టడంలా" అంటూ ఒక తల్లి, మానసిక జబ్బున్న కొడుకు బిళ్ళల అట్ట కొంగులోంచి తీసి నా బల్ల మీద పెట్టింది. పదింటిలో మూడే ఖాళీ. కావలిలో వకీలు గుమాస్తాని నేను. గట్టు తగాదాలు, మనోవర్తి కేసులు చూసుకునేవాణ్ణి. ఆమె అడిగిందల్లా ఒకటే: "జడ్జిగారి చేత ఆర్డరేయించు. కోర్టు చెబితే ఎందుకేసుకోడు?"

అచ్చం ఆమె అడిగిన ఆర్డరే న్యూయార్క్‌లో ఉంది. మన దగ్గర లేదు. అక్కడిది మేలా, మనది మేలా అని ఆ రాత్రి కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

న్యూయార్క్‌ది కెండ్రా చట్టం, 1999 నాటిది. మెట్రో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ కెండ్రా వెబ్‌డేల్ అనే అమ్మాయిని, స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక జబ్బున్న ఒకతను రైలు కిందకి తోసేశాడు. ఆమె పేరు మీద వచ్చిన ఆ చట్టం కింద మనిషి ఇంట్లోనే ఉంటాడు, వైద్యం మాత్రం కోర్టు కనుసన్నల్లో సాగుతుంది. దానికి ఎవరు లెక్కలోకి వస్తారన్నదే అసలు సంగతి. 18 ఏళ్ళు నిండాలి. ఎవరూ కనిపెట్టుకుని ఉండకపోతే బయట క్షేమంగా బతకలేడని తేలాలి. మందులు మానేసి, గత 36 నెలల్లో కనీసం రెండుసార్లు ఆస్పత్రి పాలై ఉండాలి. లేదంటే 48 నెలల్లో హింసకు దిగడమో, దిగుతానని బెదిరించడమో జరిగి ఉండాలి. అంటే ఆ చట్టం చూసేది మనిషి గతాన్ని.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూసేది వర్తమానాన్ని. 89వ సెక్షన్ కింద ఇష్టం లేనివాణ్ణి ఆస్పత్రిలో చేర్చాలంటే, ఈ మధ్యనే తనకు హాని చేసుకోబోయి ఉండాలి, లేదా ఎదుటివాళ్ళని కొట్టో, భయపెట్టో ఉండాలి, లేదా తన ఆలనాపాలనా తాను చూసుకోలేక ప్రమాదంలో పడి ఉండాలి. తన నిర్ణయం తాను తీసుకోలేని స్థితి అని ఒక సైకియాట్రిస్టు, మరొక మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా చూసి తేల్చాలి. గడువు 30 రోజులు. ఇందులో జడ్జి సంతకం అక్కర్లేదు. అంతకుముందటి 1987 చట్టంలో, ఆస్పత్రిలో చేర్చుకోమని మేజిస్ట్రేటు ఇచ్చే రిసెప్షన్ ఆర్డరు ఉండేది. కోర్టుల్లో పాతకాపులు ఇప్పటికీ ఆ మాటే అంటారు. 102వ సెక్షన్ కింద ఇప్పుడు మేజిస్ట్రేటు చేయగలిగింది, తన ముందుకు తెచ్చిన మనిషిని పరీక్షకి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపడం. అది కూడా పది రోజులకి మించకుండా.

ఆమె కొడుకు ఎవరినీ కొట్టలేదు. చావబోలేదు. బిళ్ళలు మానేశాడు, అంతే. మానేస్తే మూడో నెలలో ఏమవుతుందో ఆ తల్లికి రెండుసార్లు అనుభవమే. అది మన చట్టానికి పట్టదు, కెండ్రా చట్టానికి పడుతుంది. ఈ ఒక్క విషయంలో అక్కడిదే మేలని ఒప్పుకుంటాను.

  

సరే, అక్కడ ఆర్డరు తప్పితే ఏమవుతుంది? జైలుండదు. ఇంటికొచ్చి బలవంతాన సూది వేసేదీ లేదు. డాక్టరు చెబితే ఆస్పత్రికి తీసుకుపోయి 72 గంటల దాకా ఉంచి చూస్తారు. ఆర్డరుతో పాటు మనిషి వెనకాల తిరిగే కేసు మేనేజరు ఉంటాడు. పని చేసేది కాగితమా, ఆ తిరిగే మనిషా? ఇంగ్లండులో కోర్టుతో పనిలేకుండా డాక్టరే ఇలాంటి ఆర్డరు వేస్తాడు, 2008 నుంచి. అక్కడ 336 మందిని రెండు గుంపులు చేసి ఏడాది పాటు చూశారు. ఆర్డరున్న గుంపులోనూ, లేని గుంపులోనూ మళ్ళీ ఆస్పత్రిలో చేరింది నూటికి 36 మందే. 2013లో ఆ ఫలితం వచ్చింది. అన్నట్టు, కెండ్రాని తోసినవాడు అంతకుముందు తనంతట తానే వైద్యం కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగిన మనిషి.

మా వైపు సంగతి తెలిసిందే. ముందు ఏఎస్ పేట దర్గాలో నిద్ర చేయిస్తారు, తర్వాత "నరాల డాక్టరు", ఆఖరికి నెల్లూరు పెద్దాస్పత్రో, ఒంగోలో. ఇక్కడ కోర్టు ఆర్డరిస్తే దాన్ని పట్టుకుని ఇంటికొచ్చేదెవరు? కానిస్టేబులు. ఖాకీ చొక్కా గుమ్మంలోకి వచ్చిందంటే ఆ కుర్రాడి అనుమానాలన్నీ నిజమైనట్టే. కాబట్టి మనకి ఆ ఆర్డరు లేకపోవడమే నయమంటాను.

బదులుగా మన చట్టంలో ఇంకొకటుంది, ఎవరూ వాడుకోరు. మనసు కుదురుగా ఉన్న రోజునే, జబ్బు తిరగబెడితే తనని ఎలా చూడాలో, ఎలా చూడకూడదో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని కూడా తానే ఎంచుకోవచ్చు. ఆ ఎంపికకి స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం, సంతకమో వేలిముద్రో చాలు. గుమాస్తా నోటితో అనకూడదు గానీ, వకీలు ఫీజు కూడా దండగే. మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగానే సాయం చేస్తుంది. రాసిందే వేదవాక్కు కాదు. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరంలో చెల్లదు, ఇంటివాళ్ళో డాక్టరో అడిగితే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు మార్చవచ్చు. అయినా కోర్టు మాటకన్నా తన మాటే మనిషి ఎక్కువగా వింటాడని నా నమ్మకం.

రెండు వారాల తర్వాత కుర్రాడు మేనమామతో వచ్చాడు. తిండి సగం తగ్గి చిక్కిపోయాడు గానీ మాట తేటగా ఉంది. ప్రతినిధిగా అమ్మ పేరు వద్దన్నాడు, మామ పేరు రాశాడు. బిళ్ళలు కాదు, నెలకోసారి వేసే సూదైతే సరేనన్నాడు, డాక్టరు ఒప్పుకుంటే. ఎలా చూడకూడదో రాసే చోట కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, పెద్ద అక్షరాలతో ఒక్క లైను రాశాడు: "నా కూట్లో ఏమీ కలపొద్దు."