రేసులు మానేశాక పార్క్‌రన్: ఒక వాలంటీర్ రివ్యూ

పైసా కట్టని దానికి రివ్యూ ఏంటి అనుకోకండి. ఇంగ్లండ్‌లో ఉంటూ మోకాళ్లు అరిగో, వయసు మీదపడో రేసులు మానేసిన మనవాళ్ల కోసం రాస్తున్నా. రేసులు ఆగగానే వాట్సాప్ గ్రూపులో కూడా సైలెంట్ అయిపోతారు, అక్కడంతా టైమింగుల గోలే కదా. పార్క్‌రన్‌కి రమ్మంటే "ఇంకేం పరిగెడతాంలే" అంటారు. పరిగెత్తమని ఎవరన్నారు?

తెలియనివాళ్లకి: పార్క్‌రన్ అంటే ప్రతి శనివారం పొద్దున తొమ్మిదికి పార్కులో 5 కిలోమీటర్లు, పరిగెత్తినా నడిచినా సరే. ఒకసారి రిజిస్టర్ చేసుకుంటే వచ్చే బార్‌కోడ్ ఎక్కడికెళ్లినా పనిచేస్తుంది. 2004 అక్టోబరులో లండన్ బుషీ పార్కులో 13 మంది రన్నర్లతో మొదలైంది. మొదలుపెట్టిన పాల్ సింటన్-హ్యూయిట్ అప్పటికి గాయంతో పరుగుకి దూరమై ఉన్నాడు, స్నేహితుల్ని వారం వారం కలవడానికి ఆయనకో వంక కావాలి. కాబట్టి మనలాంటివాళ్లకి ఇది బయటివాళ్ల సరదా ఏమీ కాదు.

ఇక వాలంటీర్ పనులు (పింఛన్లు పంచే పని కాదులెండి, కంగారుపడకండి). పాత రేసర్లకి నేను చెప్పేది టైమ్‌కీపర్ పని. ఫినిష్ దగ్గర నిలబడి ఒక్కొక్కరు గీత దాటగానే ఫోన్‌లో నొక్కాలి. ముందొచ్చేవాళ్లతో ఇబ్బంది లేదు గానీ ఇరవై ఐదు నిమిషాలు దాటాక జనం గుంపులుగా వచ్చి పడతారు, ఒక్కసారి ఎక్కువ నొక్కామా, కింద ఉన్న అందరి టైమూ ఒకరిది ఒకరికి పోతుంది. రేసు రోజు టెన్షన్ మొత్తం తిరిగొస్తుంది, మోకాలి నొప్పి లేకుండా.

కబుర్లు కావాలంటే బార్‌కోడ్ స్కానింగ్ తీసుకోండి. ముందు మనిషి బార్‌కోడ్, తర్వాత ఫినిష్ దాటగానే ఆ మనిషి చేతికిచ్చిన స్థానం నంబరు ప్లాస్టిక్ టోకెన్. చెమటకి తడిసిన ఫోన్ స్కాన్ అవదు, దాన్ని అంతకంటే తడిసిన టీషర్ట్‌కి తుడిచి మళ్లీ ఇస్తారు. ఈలోపు రెండు మాటలు. అలా ఊళ్లో సగం మంది పరిచయమైపోతారు.

టెయిల్ వాకర్ పని కూడా ఒకసారి చేసి చూడాలి. అందరికంటే వెనక నడిచి చివరి స్థానం మనమే తీసుకోవాలి, అంటే వచ్చినవాళ్లెవరూ ఆఖరున మిగలరు. ముందు వరసలో పరిగెత్తిన రోజుల్లో వెనకాల ఎవరున్నారో మనం చూసిందే లేదు! మార్షల్ పని (దారిలో నిలబడి ఎటు వెళ్లాలో చూపించడం) మాత్రం నవంబరు వానలో వద్దు, గ్లవ్స్ ఉన్నా వద్దు.

నచ్చనివి లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో కోర్సు రికార్డుల్లాంటివన్నీ (ఆ పార్కు దారిలో అందరికంటే వేగంగా పరిగెత్తిన టైములు) సైట్ నుంచి తీసేశారు. కొత్తవాళ్లు బెదరకూడదన్నారు, సబబే కావచ్చు, కానీ అంకెల పిచ్చి ఉన్నవాడికి కడుపు మండుతుంది. 25 సార్లు వాలంటీర్‌గా చేస్తే టీషర్ట్‌కి అర్హత వస్తుంది, టీషర్ట్ మాత్రం కొనుక్కోవాలి. కుర్రాళ్లకి స్పీడ్ నేర్పాలన్న తపన ఉంటే ఇది చోటు కాదు, అథ్లెటిక్స్ క్లబ్‌లో కోచింగ్ వైపు వెళ్లండి. వందల మంది వచ్చే పెద్ద పార్కు కంటే చిన్నది వెతుక్కోండి, రెండో వారానికే పేరుపెట్టి పిలుస్తారు.

అయ్యాక కాఫీ దగ్గర టోకెన్లన్నీ వరస నంబర్లలో సర్దాలి, హైదరాబాద్‌లో లాంగ్ రన్ తర్వాత ఇడ్లీ ముందు సాగే ముచ్చట్లే ఇక్కడా సాగుతాయి. టోకెన్ జేబులో వేసుకుని ఇంటికెళ్లిపోయే మహానుభావుడు దాదాపు ప్రతి వారం ఒకడుంటాడు. దయచేసి అది మీరు కాకండి.